దారం చూసి కొన్న షేర్లు

ఆ ఏడాది మా గల్లీలో అందరికీ సెన్సెక్స్ ఎంతో తెలుసు. అందుకు కారణం మా ఆయనకు చెవులు సరిగా వినపడకపోవడం.

మా ఆయన రాజలింగం మీసాలు రాకముందే సిరిసిల్ల దగ్గరి మా ఊరి నుంచి సూరత్ వచ్చి సాంచాల చప్పుడులో పడ్డాడు. పవర్‌లూమ్‌ను మావాళ్ళు సాంచా అంటారు. పొద్దున ఏడింటికి కార్ఖానాలో అడుగు పెడితే రాత్రి ఏడింటికి బయటికి రావడం. ఆ చప్పుడు వినీ వినీ చెవులు సగం పోయాయి. లింబాయత్‌లో మాది ఒకటే గది, ఆ గదిలో ఓ టీవీ. ఆయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని హిందీ బిజినెస్ చానల్ పెట్టాడంటే, చప్పుడు చివరిదాకా పెంచాల్సిందే. గల్లీ మొదట్లో చాయ్ డబ్బా అతను, ఎదురింటి టైలరు, వెనక గల్లీలో ఒడియా పిల్లలు, అందరూ మా టీవీనే వినేవారు. రొట్టెలు చేస్తున్న ఆడవాళ్ళు కూడా "ఇయాల మల్ల పడ్డదట" అని మాట్లాడుకునేవారు. మా గల్లీలో సగంమందికి షేరంటే ఏమిటో తెలియదు, కానీ పడితే నొచ్చుకునేవారు, లేస్తే సంతోషించేవారు.

వార్తలు అయిపోయాక మా ఆయన ప్రశ్నలు మొదలయ్యేవి. మార్కెట్ గురించి ఎక్కడ ఏ ముక్క దొరికినా దాచిపెట్టుకుని సాయంత్రం పిల్లల మీద వదిలేవాడు.

"సెన్సెక్స్‌ల ఎన్ని కంపెనీలు?"

"తీస్!" అని మా సంధ్య అరిచేది. అప్పుడు దానికి పదేళ్ళు. ముప్పైకి తీస్, వందకు సౌ, అంకెలన్నీ హిందీలోనే వచ్చేవి.

"మొదలువెట్టినప్పుడు ఎంతుండె?"

"సౌ!"

"ఎద్దంటె లేసుడు, ఎలుగంటె పడుడు. ఎందుకట్ల?"

"ఎద్దు కొమ్ముల్తోని పైకి లేపుతది, ఎలుగు పంజాతోని కిందికి కొడ్తది బాపూ."

మా ఆయన మురిసిపోయి దాని చేతిలో పల్లిపట్టీ పెట్టేవాడు. అదే మనిషిని బియ్యం కిలో ఎంత అని అడిగితే మాత్రం బిత్తరపోయి నా మొహం చూసేవాడు. ఆ సంగతి పట్టుకుని నేను రోజూ ఏడిపించేదాన్ని.

ఇప్పుడు మేము సూరత్‌లోనే అడాజన్ వైపు సంధ్య వాళ్ళ ఫ్లాట్‌లో ఉంటున్నాం. మార్కెట్ అంతా దాని ఫోన్‌లోనే ఉంటుంది. లేచినా పడినా ఇంట్లో చప్పుడుండదు. మొన్న ఏదో బాగా పడిందని అది పెదవి విరిస్తే, నాకు బెంగ కలగడానికి బదులు లింబాయత్ గల్లీ గుర్తొచ్చింది. రెండు వేల ఎనిమిది బతుకమ్మ పండుగ గుర్తొచ్చింది.

బుచ్చిరాములు గురించి చెప్పాలి. అతను నా తోడబుట్టినవాడు కాదు. మా ఊరివాడు, మా కులంవాడు, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. మా ఆయనే సూరత్ తీసుకొచ్చి తన కార్ఖానాలో పెట్టించాడు. నాకు అన్నదమ్ముల్లేరు, అమ్మానాన్నలు పోయారు. వచ్చిన ఏడే అతనికి రాఖీ కట్టాను. పెళ్ళయ్యాక భాగీరథిని తీసుకొచ్చి మా పక్క గదిలోనే దిగాడు. మా రెండు గదులకూ మధ్య ఒకటే ఇటుక గోడ. ఇటు నుంచి నేను తుమ్మితే అటు నుంచి భాగీరథి "సల్లగుండు వదినా" అనేది. సూరత్‌లో నా పుట్టిల్లు ఆ గోడకు అవతలే ఉందని నేను అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మకు, పూలు అన్నదమ్ముడే తేవాలి. బుచ్చిరాములు ప్రతి ఏడాదీ తెల్లవారకముందే సైకిలేసుకుని ఉధనా దాటి రైలుకట్ట వెంట పోయి సంచినిండా గునుగు, తంగేడు కోసుకొచ్చేవాడు. తెచ్చి పడేసి పోయేవాడు కాదు. నాతో పాటే కింద కూర్చుని, డైయింగ్ మిల్లు నుంచి తెచ్చిన రంగుపొడి నీళ్ళలో కలిపి, తెల్లటి గునుగు పూలను ఎరుపులో కొన్ని, నీలంలో కొన్ని ముంచి ఆరబెట్టేవాడు. పండుగ అయిన వారం దాకా అతని గోళ్ళకు ఆ రంగులు పోయేవి కావు.

వాళ్ళిద్దరి సాంచాలు కార్ఖానాలో ఎదురెదురు. మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకెళ్ళినప్పుడు నేను రోజూ చూసేదాన్ని. ఆ చప్పుడులో నోటితో మాట్లాడినా లాభం లేదు, అందుకే సైగలు. రెండు వేళ్ళు మెలేస్తే దారం తెగిందని. మీసం దువ్వితే సేఠ్ వస్తున్నాడని. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే బట్ట నేయడం పూర్తయింది, కోసి దించేశానని. ఆ ఏడాది కొత్త సైగలు పుట్టాయి. చాయ్‌కి బయటికెళ్ళి వచ్చినవాడు అరచెయ్యి పైకెత్తితే సెన్సెక్స్ లేచినట్టు, కిందికి వంచితే పడినట్టు. గాలిలో వేలితో అడ్డంగా ఒక గీత గీస్తే తాపీరేఖ.

తాపీరేఖ అనేది మా సాంచాలకు దారం పంపే కంపెనీ. ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం మా ఆయన ఇంటికి వచ్చీ రాగానే చెప్పులు కూడా విప్పకుండా మొదలుపెట్టాడు.

"తాపీరేఖ దారం కోన్లు పెట్టినంక పొద్దటి సంది ఒక్క తార్ తెగలే వినోదా. కూసొని చాయ్ తాగిన. సాంచాలు నడుస్తుంటె కూసొని చాయ్ తాగేటోన్ని ఎన్నడన్న సూసినవా?"

"తాగితె తాగినవ్. గంత మురుసుడెందుకు?"

"నేను ఆ కంపెనీ షేర్లు కొంట."

"చాయ్ తాగినవని షేర్లు కొంటవా?"

"ఇగో, టీవోళ్ళు లెక్కలు సూసి ఇది కొనుండ్రి, అది అమ్ముండ్రి అంటరు. లెక్కలు రాసేటోడు ఎట్లనన్న రాస్తడు. దారం అట్ల గాదు. పొద్దంత నా చేతులల్ల ఉంటది. మంచిదో చెడ్డదో నాకెరుకైనట్టు బొంబాయిల కూసున్నోనికి ఎరుకైతదా?"

నిజం చెప్పొద్దూ, నాకూ ఆ మాట సబబుగానే తోచింది. నేనూ నేతవాళ్ళ ఇంట్లోనే పుట్టాను. మా నాన్న మనుషులను కూడా వాళ్ళు నేసే బట్టను బట్టే అంచనా వేసేవాడు. సొంతంగా రెండు సాంచాలు పెట్టుకోవాలని ఏళ్ళ తరబడి దాచుకున్నది మా దగ్గర ఉంది. రింగ్ రోడ్డులో ఒక బ్రోకర్ ఆఫీసుకు వెళ్ళి అదంతా తాపీరేఖలో పెట్టి వచ్చాడు.

ఆ మాట విన్న బుచ్చిరాములు కూడా ఊరుకోలేదు. అతనికి ఆటో కొనాలని కోరిక. "నా చెవులు కూడ బావ చెవులోలె కాకముందే సాంచాల మీదికెల్లి దిగిపోవాలె" అనేవాడు. ఆటో కోసం దాచింది అతనూ మా ఆయన మాట మీద అందులోనే పెట్టాడు. భాగీరథి ఒక్కతే గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ అంది.

"దారం మంచిగుంటె చీర కొనుక్కోవాలె గని, కంపెనీ కొంటరా వదినా?"

మేమందరం పడీపడీ నవ్వాం. పిల్లకు ఏం తెలుసులే అనుకున్నాం.

వానాకాలంలో మార్కెట్ ఒక రోజు లేచి రెండు రోజులు పడేది. రాఖీ పున్నానికి బుచ్చిరాములు కొత్త చొక్కా వేసుకొచ్చి పీట మీద కూర్చున్నాడు. రాఖీ కట్టి నోట్లో లడ్డూ పెట్టాను. లడ్డూ నములుతూనే మా ఆయన వైపు తిరిగి అడిగాడు.

"బావా, జర దిగుతుంది గద. అమ్ముదామా?"

మా ఆయనకు సరిగా వినపడలేదు. మళ్ళీ గట్టిగా అడిగాడు.

"అమ్ముడా? ఎందుకు? దారం తెగుతుందా?"

"తెగుతలేదు."

"మరింకేంది? దారం మంచిగున్నన్ని దినాలు మనకేం రంది లేదు."

బుచ్చిరాములు తలూపాడు. పోతూ పోతూ నాతో, "ఈసారి పూలు సైకిల్ మీద కాదక్కా, ఆటోల తెస్త" అన్నాడు. నేను నవ్వి, ఆటో నిండా తెస్తే గల్లీ మొత్తానికి నేనే బతుకమ్మ పేర్చాలి అన్నాను.

వినాయక నిమజ్జనం అయిందో లేదో, అమెరికాలో ఏదో పెద్ద బ్యాంకు మునిగిందని టీవీ మొత్తుకోవడం మొదలైంది. అమెరికాలో బ్యాంకు మునిగితే లింబాయత్‌లో మనకేమిటి అని చాయ్ డబ్బా అతను నవ్వాడు. తర్వాత రోజు నుంచి సెన్సెక్స్ జారడం చూసి ఆ నవ్వు ఆగిపోయింది. వజ్రాల పాలిష్ కార్ఖానాలు మూతబడుతున్నాయన్నారు. ఇంకో నాలుగు రోజులకు మా తాపీరేఖ పేరు కూడా టీవీలో వినపడింది. దారం కాకుండా డాలరు మీద ఏదో పెద్ద పందెం కట్టిందట. ఆ పందెంలో మునిగిందట. టీవీలో కోటు వేసుకున్నాయన ఆ కంపెనీ పేరు చెప్పి పెదవి విరిచాడు.

మా ఆయన నమ్మలేదు. మర్నాడు మధ్యాహ్నం నేను అన్నం పట్టుకెళ్ళేసరికి తాపీరేఖ కోన్ ఒకటి చేతిలో పట్టుకుని దారం లాగి చూస్తున్నాడు. బయటికొచ్చి అన్నం కలుపుతూ అన్నాడు.

"గట్లనే ఉన్నది వినోదా. ఇయాల్టికీ ఒక్కటి తెగలే. గింత మంచి దారం తీసే కంపెనీ ఎట్ల మునుగుతది?"

అంతకు ముందే ఆయన ఎదురుగా ఉన్న బుచ్చిరాములుకు గాలిలో అడ్డంగా గీత గీసి, ఫరవాలేదన్నట్టు చెయ్యి ఊపడం చూశాను. బుచ్చిరాములు చూసి కూడా చూడనట్టు సాంచా మీదికి వంగాడు.

ఆ సాయంత్రమే జరిగింది. ఎప్పటిలాగే టీవీ గల్లీ అదిరేలా మోగుతోంది. రోజూ ఈ వేళకు బుచ్చిరాములు వచ్చి తలుపు దగ్గర గొంతుక్కూర్చునేవాడు. ఆ రోజు వచ్చి నిలబడే ఉన్నాడు.

"బావా, టీవీ సప్పుడు జర తగ్గియ్యి."

ఇన్నేళ్ళలో గల్లీలో ఒక్కరూ ఆ మాట అనలేదు. మా ఆయనకు వినపడలేదు. నేనే రిమోట్ తీసుకుని తగ్గించాను. బుచ్చిరాములు లోపలికి రాకుండానే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మా ఆయన నన్ను చూసి ఏమైందన్నట్టు చెయ్యి తిప్పాడు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. ఆయన నా చేతిలోంచి రిమోట్ తీసుకుని చప్పుడు మొత్తం తీసేశాడు.

అప్పటి నుంచి మా టీవీ మూగదైంది. ఆయన తెర కింద పరుగెత్తే ఎర్ర అంకెలు చూస్తూ కూర్చునేవాడు. ప్రశ్నలు లేవు, పల్లిపట్టీలు లేవు. రెండు రోజులు గల్లీవాళ్ళు వచ్చి అడిగారు, తర్వాత మానేశారు. పంపు దగ్గర భాగీరథి నన్ను చూడగానే బిందె సగం నిండకముందే ఎత్తుకుని వెళ్ళేది. గోడ అవతలి నుంచి గిన్నెల చప్పుడు తప్ప మాట వినపడేది కాదు. నాకు తుమ్మొచ్చినా ఎవరూ ఏమీ అనలేదు. అది చిన్న విషయమే. కానీ ఆ రోజు వంట మధ్యలో కూర్చుని ఏడ్చాను.

పైసలు పోయినందుకు కాదు ఆ ఏడుపు. సాంచాలు ఇవాళ కాకపోతే రేపు కొనుక్కుంటాం, లేదంటే లేదు. తమ్ముడు పోతే మళ్ళీ ఎక్కడ తెచ్చుకోను?

మా ఆయన కూడా సరిగా తినడం లేదు. ఒక రోజు కంచం ముందు కూర్చుని నెమ్మదిగా అన్నాడు.

"వాడు నా మాట మీద పెట్టిండు వినోదా."

"నీ మాట మీద పెట్టిండు. నువ్వు నీ దారం మీద పెట్టినవ్."

"వాని ఆటో పైసలు నేను ఇస్త. నెల నెల పగార్లకెల్లి జర జర ఇస్త."

"మనదే పోయింది గద?"

"మనది మనం పోగొట్టుకున్నం. వానిది నేను పోగొట్టిన."

నాకు కోపం రావాలి, రాలేదు. ఆయన మీద నాకున్న ప్రేమ ఆ క్షణం తెలిసినంతగా అంతకు ముందూ తర్వాతా ఎప్పుడూ తెలియలేదు. సరే అన్నాను. చీరలకు టిక్కీలు, అదే మెరుపు బిళ్ళలు, కుట్టే పని నేను ఇంటికి తెచ్చుకోవడం ఆ వారమే మొదలుపెట్టాను.

పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ వచ్చింది. బజారులో బంతిపూలు కొని చిన్నగా పేర్చాను. గల్లీ చివర మైదానంలో మనవాళ్ళంతా చేరి చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, భాగీరథి నాకు ఎదురు పక్క నిలబడింది. వలయం తిరిగినప్పుడల్లా మా ఇద్దరి మధ్య అదే దూరం. చూస్తుండగానే సద్దులకు ముందు రోజు వచ్చింది. సోమవారం. సెన్సెక్స్ పన్నెండు వేల కిందికి దిగిందని మూగ టీవీలో ఎర్రగా రాసి ఉంది. నేను దానికేసి కూడా చూడలేదు. రేపు పొద్దున వాడు పూలు తెస్తాడా, తేడా? ఇదొక్కటే నా బాధ.

"నేను పోయి తెస్త తియ్యి" అన్నాడు మా ఆయన.

"నువ్వు తెస్తె నేను పేర్వను. బతుకమ్మ లేకుంటనన్న ఉంట గని, పేర్వను."

నా మొండితనం ఆయనకు తెలుసు, లేచి పోయి పడుకున్నాడు.

పొద్దున తలుపు తీసేసరికి గడప ముందు సంచి ఉంది. మూతి కట్టని గోనెసంచి. మంచుకు తడిసిన తెల్లటి గునుగు, పైన పచ్చగా తంగేడు. మనిషి లేడు. గల్లీలో ఇటు చూశాను, అటు చూశాను. పక్క గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ముందు నా గుండె నిండింది. మరుక్షణం ఒళ్ళు మండింది. సంచి ఎత్తుకుని వెళ్ళి పక్క తలుపు తోశాను.

బుచ్చిరాములు మూలకు కూర్చుని ఉన్నాడు. ప్యాంటుకు ఇంకా పల్లేరుకాయలు అంటుకునే ఉన్నాయి. సంచి అతని ముందు పెట్టాను.

"ఏందిరా ఇది?"

"పూలక్కా."

"పూలని నాకెరుక లేదా? గడపల పెట్టి పోయేటోడు పూలమ్మేటోడు. తమ్ముడైతె లోపటికి తెస్తడు, కూసొని రంగులద్దుతడు. ఈ ఇద్దరిల నువ్వెవనివో చెప్పు."

నేనింకా ఆగలేదు.

"పైసలు పోయినయని బావ మీద కోపముంటె తిట్టు. నా మీద కోపముంటె నన్ను తిట్టు. గింతదానికి మాటలు బంద్ వెడ్తవా? నీ ఆటో పైసలు మీ బావ నెల నెల తీరుస్తనంటుండు. నేను టిక్కీలు కుడ్తున్న. ఇంకేం గావాలెరా నీకు?"

బుచ్చిరాములు మొహం చూసి నాకు భయమేసింది. నేనేదో కొట్టినట్టు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. పొయ్యి దగ్గర భాగీరథి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఇంకెన్ని దినాలు దాస్తవ్? చెప్పరాదు" అంది అతనితో.

అప్పుడు చెప్పాడు. గొంతు లోపల్నుంచి, నాకు తప్ప ఎవరికీ వినపడకుండా.

"నేను రాఖీ అయిన రెండు దినాలకే అమ్మిన అక్కా."

నాకు వెంటనే అర్థం కాలేదు. అతనే మళ్ళీ అన్నాడు.

"ఇది రోజు పోరు వెట్టింది, కంపెనీ మనకెందుకని. డ్యూటీ లేని దినం పోయి అమ్మిన. జర తక్కువచ్చినయ్ గని ఆటోకు సాలుతయ్. బావకు చెప్దామనుకున్న. దారం మీద ఆయనకు గంత నమ్మకముండె, ఏమని చెప్పాలె? ఇయాల చెప్త, రేపు చెప్త అంటుండంగనె మార్కెట్ గిట్ల పడ్డది. మీది మొత్తం పోతుంటె, నాది పెట్టెల భద్రముంటె, ఆ టీవీల రోజు ఇనుకుంట ఎట్ల కూసోవాలె అక్కా? ఆటో కొందామంటె కూడ భయమైంది. కొంటె పైసలెక్కడియని అడుగుతరు గద."

ముందు మండింది. మాతో చెప్పకుండా అమ్ముకున్నాడు, మేము మునుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు అనిపించింది. ఆ తర్వాత ఇన్ని రోజులుగా వాడు మా మీద అలిగి కాదు, మాకు మొహం చూపించలేక దాక్కున్నాడని తెలిసి ప్రాణం లేచొచ్చింది. ఒకేసారి వాడి చెంప పగలగొట్టాలనీ, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు.

"లే. ఈ సంచి పట్టుకొని రా. ఆ మాట ఆయనకు చెప్పు."

"ఎట్ల చెప్పాలె? బావకు ఇనబడేటట్టు చెప్తె గల్లీ మొత్తం ఇంటది."

అది నిజమే. మా ఆయనకు రహస్యం చెప్పడం ఎవరి తరమూ కాదు.

సంచి భుజాన వేసుకుని బుచ్చిరాములు నా వెనకాలే మా గదిలోకి వచ్చాడు. మా ఆయన పండుగ కాబట్టి పనికి పోలేదు, స్నానం చేసి గోడకానుకుని కూర్చున్నాడు. బుచ్చిరాములును చూసి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. బుచ్చిరాములు సంచి కింద పెట్టి, ఆయనకు ఎదురుగా నిలబడ్డాడు, సాంచాల దగ్గర నిలబడ్డట్టే.

గాలిలో వేలితో అడ్డంగా ఒక గీత గీశాడు. తర్వాత రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. తర్వాత కుడిచేతి మణికట్టు మీద, రంగు వెలిసిపోయి ఇంకా వేలాడుతున్న నా రాఖీని ముట్టుకున్నాడు.

మా ఆయన ఆ మణికట్టు వైపు చూశాడు. ఆయన మొహంలో బాధ కదిలింది. మన అనుకున్నవాడు మన మాట వినలేదని తెలిస్తే ఎవరికైనా కలిగే బాధే. తర్వాత ఆయన రెండు పిడికిళ్ళూ ముందుకు చాచి ఆటో హ్యాండిల్ తిప్పినట్టు తిప్పి, ఏదీ అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

బుచ్చిరాములు కొనలేదని తల అడ్డంగా ఊపాడు.

అంతే, మా ఆయన అంతెత్తున లేచాడు. సైగలు మరిచిపోయి గల్లీ దద్దరిల్లేలా అరిచాడు.

"పైసలు చేతుల వెట్టుకొని కొనకుంట ఏం చేస్తున్నవ్‌రా పిచ్చోడా!"

ఎదురింటి టైలరు తలుపు తీసి చూశాడు. భాగీరథి గోడ అవతల ఏడుపూ నవ్వూ కలిసిన చప్పుడు చేసింది. బుచ్చిరాములు కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. మా ఆయన దగ్గరికి పోయి అతని నెత్తి మీద చెయ్యి వేసి, తనకు నెమ్మదిగానే అనుకుంటూ గట్టిగా అన్నాడు.

"నా మాట ఇననోడు ఒక్కడన్న ఉన్నడు. మంచిగైంది పో."

నేను పళ్ళెంలో నీళ్ళు పోసి రంగుపొడి కలిపాను. బుచ్చిరాములు మొహం తుడుచుకుని గునుగు పూలు కట్టలు కట్టి ముంచడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది నా బతుకమ్మ మా సంధ్య భుజాల దాకా వచ్చింది. సాయంత్రం దాన్ని తాపీ నది ఒడ్డుకు ఎత్తుకుపోతుంటే ఒక పక్క నేను పట్టాను, ఇంకో పక్క భాగీరథి పట్టింది. నీళ్ళలో వదిలాక సత్తుపిండి ఒకరి నోట్లో ఒకరం పెట్టుకున్నాం. నువ్వు చెప్పిన మాట వింటే మాకు రెండు సాంచాలు ఉండేవి కదే అన్నాను. వదినా, మీరు నవ్విండ్రు గద అంది.

తాపీరేఖ మళ్ళీ లేవలేదు. ఆ చలికాలంలో దాని కోన్లు రావడం ఆగిపోయింది. చివరి కోన్ దాకా దారం తెగలేదని మా ఆయన ఇప్పటికీ చెప్తాడు. చెప్పేటప్పుడు ఆ గొంతులో విచారం కాదు, ఒక గౌరవం ఉంటుంది. సొంత సాంచాలు మాకు రాలేదు. ఆయన చివరి దాకా సేఠ్ కింద పనివాడుగానే ఉన్నాడు. నేను కుట్టిన టిక్కీలతో సంధ్య చదువుకుంది. దీపావళికి బుచ్చిరాములు ఆటో కొన్నాడు. మొదటిసారి మమ్మల్నే ఎక్కించుకుని సూరత్ అంతా తిప్పాడు. దానికి కట్టిన పరదా తాపీరేఖ దారంతో మా ఆయన నేసిన బట్టే. ఆటోలు రెండు మారాయి, పరదా మారలేదు. ఇప్పుడు సద్దుల పొద్దున అడాజన్‌లో మా సొసైటీ గేటు దగ్గర ఆ పరదా కనపడగానే, వాచ్‌మన్ అడగకుండానే గేటు తీస్తాడు.

ఇవన్నీ తర్వాతివి. నాకు ఎక్కువగా గుర్తొచ్చేది మాత్రం ఆ ఏడాది దసరా మర్నాటి సాయంత్రం. శుక్రవారం, మార్కెట్ మళ్ళీ ఘోరంగా పడింది. మా ఆయన పని నుంచి వచ్చి, అలవాటు కొద్దీ టీవీ పెట్టుకుని, చప్పుడు లేకుండా ఎర్ర అంకెలు చూస్తూ కూర్చున్నాడు. నేను రొట్టె కాలుస్తున్నాను. గోడ మీద అవతలి నుంచి దబదబా కొట్టిన చప్పుడైంది. ఆ వెంటనే బుచ్చిరాములు గొంతు వినపడింది.

"అక్కా! బావకు చెప్పు, జర సప్పుడు పెంచుమను! ఇటు దిక్కు ఏం ఇనబడ్తలేదు!"